లెక్కలు కట్టిన చక్రములు – 4: చార్లెస్ బాబేజి, ఆయన పనివారు

గత భాగమున పాస్కలు కూడిక పెట్టెను, లైబ్నిట్జు మెట్ల డోలును చూచితిమి. మొదటిది 1642లో ఫ్రాన్సున పుట్టినది. రెండవది ఆ శతాబ్దముననే ఒక జర్మను పండితుని బుద్ధినుండి వెలువడినది. అవి యెంత చమత్కారములైనను, మనుష్యుడు ఒక్కొక్క సంఖ్యను తానే పెట్టి, తానే త్రిప్పి, ఫలితమును తానే చదివి, తానే కాగితముపై ఎక్కించుకొనవలసిన పనిముట్లు మాత్రమే. కూడిక యంత్రము చేసినను, తప్పు చొరబడు ద్వారములన్నియు తెరచియే యుండెను. ఆ ద్వారములను ఒక్కటియు మిగులకుండ మూయవలెనని సంకల్పించి, అందుకై ఏబది సంవత్సరముల జీవితమును, పిత్రార్జితమున కొంత భాగమును వెచ్చించిన మహాశయుడు చార్లెస్ బాబేజి. ఈ భాగము ఆయన చరిత్ర. ఆయనతోపాటు, ఆయన ఊహలకు ఇత్తడిలోను ఉక్కులోను రూపమిచ్చిన పనివారి చరిత్రయు నిందు కొంత చెప్పుదును. ఆ రెంటిని విడదీసి చెప్పినచో బాబేజి విజయము గాని వైఫల్యము గాని బోధపడదని నా నిశ్చితాభిప్రాయము.

బాబేజి 1791 డిసెంబరు 26వ తేదీన లండనులో జన్మించెను. తండ్రి బెంజమిను బ్యాంకు వ్యాపారమున ధనమార్జించిన గృహస్థు. కొడుకు మాత్రము చిన్ననాటి నుండి ఏ ఆటవస్తువు చేతికిచ్చినను లోపల నేమున్నదని విప్పి చూచెడి స్వభావము గలవాడు. 1810లో కేంబ్రిడ్జి చేరునప్పటికే స్వయముగా చదివిన గణితము ఆయనకు గురువులు చెప్పగలిగిన దానికంటె ఎక్కువగా నుండెను. న్యూటను మీది భక్తిచేత ఆంగ్లేయులు ఐరోపాఖండమున వికసించిన కలనగణితమును నూరేండ్లు దూరముగా నుంచుట చూచి సహింపలేక, జాన్ హెర్షెలు, జార్జి పీకాకు అను సహాధ్యాయులతో కలిసి 1812లో ఒక గణిత సంఘమును స్థాపించెను. 1814లో తండ్రికి ఇష్టము లేకున్నను జార్జియానా విట్‌మోరును వివాహమాడెను. 1816లో రాయలు సొసైటీ సభ్యుడయ్యెను. ఆ సంవత్సరముననే ఈస్టిండియా కంపెనీవారు తమ ఉద్యోగులకు శిక్షణ నిచ్చుటకై హెయిలీబరీలో నడపుచుండిన కళాశాలలో గణితాచార్య పదవికి దరఖాస్తు పెట్టుకొనెను గాని, అది ఆయనకు దక్కలేదు. దక్కియుండినచో, మన గంజాము, విశాఖపట్టణ జిల్లాలకు కలెక్టర్లుగా రాబోవు కుర్రవాండ్రకు లెక్కలు దిద్దుటతోనే ఆయన జన్మము గడచి యుండెడిది కాబోలు!

కొన్ని దశాబ్దముల క్రిందటి వరకు మన కళాశాలలలో చదివిన వారందరు క్లార్కు టేబుల్సు అను చిన్న పుస్తకమును చంకనిడుకొని తిరిగినవారే. ఆ పుస్తకమున నేది యున్నదో అది సత్యమని వారు నమ్మిరి. బాబేజి నాటికి అట్టి నమ్మకమునకు తావు లేదు. సముద్రముమీద నావికుడు చంద్రుని దూరమును కొలిచి, పంచాంగమును, లాగరిథము పట్టికను విప్పి, తన ఓడ ఎచ్చట నున్నదో కనుగొనవలెను. పట్టికలో ఒక్క అంకె తప్పినను ఓడ రాతిపై నెక్కవచ్చును. ఆ పట్టికలను కట్టినవారు మనుష్యులు. కట్టిన దానిని శుభ్రప్రతి వ్రాసినవారు వేరు మనుష్యులు. అచ్చు కూర్చినవారు మరి కొందరు. ఈ మూడు మజిలీలలో దేనియందైనను తప్పు దొరలవచ్చును. తప్పులను సవరించుచు అచ్చువేసిన తప్పొప్పుల పట్టికలలో గూడ తప్పులు దొరలుచుండెను. 1821లో బాబేజి, హెర్షెలు ఇరువురును ఖగోళ సంఘము కొరకు వేర్వేరుగా కట్టించిన రెండు ప్రతులను ఎదురెదురుగా పెట్టుకొని సరిచూచుచుండగా, పుటపుటకును భేదములు కానవచ్చినవి. ఈ లెక్కలను ఆవిరియంత్రము కట్టిన నెంత బాగుండునని బాబేజి విసిగి పలికినది అప్పుడే.

ఆ మాట ఆకాశమునుండి ఊడిపడినది కాదు. అంతకు రెండేండ్లకు ముందు ఆయన పారిసు వెళ్ళి, గాస్పార్ ద ప్రోనీ అను ఇంజనీరు కట్టించిన మహాపట్టికల వ్రాతప్రతులను చూచి వచ్చెను. ప్రోనీ ఆ పనిని మూడు అంతస్తులుగా విభజించెను. పై అంతస్తున సూత్రములను ఎన్నుకొను మహాగణితజ్ఞులు కొద్దిమంది. నడుమ ఆ సూత్రములను అంకెలలోనికి దింపు సమర్థులు కొందరు. అడుగున కూడిక, తీసివేత తప్ప మరేమియు నెరుగని సామాన్యులు అనేకులు. ఈ సామాన్యులలో పలువురు, విప్లవమున ప్రభువంశములు కూలి, విగ్గుల వేడుక అంతరింపగా వృత్తి పోయిన కేశాలంకారులని ప్రసిద్ధి. కూడికలు మాత్రమే తెలిసినవారు ఇంతటి గ్రంథమును పూర్తిచేయగలిగిరన్నచో, ఆ కూడికలను చక్రములకు అప్పగింపరాదా? బాబేజి బుద్ధికి తట్టిన ప్రశ్న ఇది.

ఆ కిటుకును పాఠకులు ఒక కాగితము తీసికొని స్వయముగా చేసి చూతురు గాక. బాబేజి తన అతిథులకు చూపుచుండిన ఉదాహరణమునే గ్రహింతము. ఒక సంఖ్యను దాని వర్గమునకు కలిపి, ఆ మొత్తమునకు 41 చేర్చవలెను. సున్నతో ఆరంభించిన 41, తరువాత 43, ఆపైన 47, 53, 61 వచ్చును. ఈ వరుసలో ప్రక్కప్రక్క నున్న వాని భేదములు 2, 4, 6, 8. ఆ భేదముల భేదము ఎల్లప్పుడు 2. ఇక ముందు పదము కావలెనన్న వర్గముతో గాని గుణకారముతో గాని పని లేదు. 8కి 2 చేర్చిన 10. 61కి 10 చేర్చిన 71. మరల 10కి 2 చేర్చిన 12. 71కి 12 చేర్చిన 83. ఇట్లు కూడికచేతనే వరుస ఎంత దూరమైనను సాగిపోవును. మూడంచెల భేదములు గల వరుసకు మూడు కూడికలు, ఆరంచెల దానికి ఆరు కూడికలు, అంతియే. లాగరిథములు, త్రికోణమితి పట్టికలు మొదలగు వానిని గూడ చిన్నచిన్న ఖండములుగా నిట్టి వరుసలతో కావలసినంత సూక్ష్మముగ సాధింపవచ్చును. ఒక్కొక్క భేదమునకు ఒక్కొక్క స్తంభము, స్తంభమున ఒక్కొక్క స్థానమునకు సున్న మొదలు తొమ్మిది వరకు అంకెలు చెక్కిన ఒక్కొక్క ఇత్తడి చక్రము, పిడి త్రిప్పినప్పుడెల్ల ఒక స్తంభము తన విలువను ప్రక్క స్తంభమునకు చేర్చుట: ఇదియే డిఫరెన్సు ఇంజను. వచ్చిన ఫలితమును యంత్రమే అచ్చుపలకపై ముద్రవేయవలెనని బాబేజి పట్టుపట్టెను. నా దృష్టిలో ఆయన ప్రతిభకు పరాకాష్ఠ ఇచ్చటనే యున్నది. కట్టువాని తప్పును, వ్రాయువాని తప్పును, అచ్చు కూర్చువాని తప్పును ఏకకాలమున తొలగింపదలచెను.

1822లో చిన్న నమూనా చేసి చూపెను. 1823లో ప్రభుత్వము 1500 పౌనులు మంజూరు చేసెను. ఆ సంవత్సరముననే జోసెఫ్ క్లెమెంటు కథలో ప్రవేశించెను. ఈ క్లెమెంటు ఉత్తర ఇంగ్లండులో చేమగ్గము నేసికొను ఒక నేతగాని కుమారుడు, బడిచదువు స్వల్పము, అయినను లండనులో ఆయనను మించిన యంత్రకారుడు, ఆయనను మించిన యంత్రచిత్రకారుడు అరుదు. బాబేజి కోరినది సామాన్యమైన పని కాదు. వేలకొలది భాగములు, అందు వందలకొలది ఒకదానికొకటి అచ్చుగ్రుద్దినట్లుండవలెను. ఒకే కొలతకు వేయి ముక్కలు చేయు అలవాటు నాటి కార్ఖానాలకు లేదు; ఒక కార్ఖానాలో చేసిన మరకు మరియొక కార్ఖానాలో చేసిన నట్టు పట్టని కాలమది. కనుక క్లెమెంటు యంత్రమునకు ముందు యంత్రమును చేయు పనిముట్లను చేయవలసివచ్చెను. లేతులను సంస్కరించెను, మరలు కోయు పనిముట్లను క్రొత్తగా కల్పించెను, పనివారిని తయారుచేసెను. ఆయన క్రింద పనిచేసిన వారిలో జోసెఫ్ విట్‌వర్తు అను యువకుడొకడు. 1841లో మరల చుట్లకు దేశమంతటికి ఒకే కొలత ఉండవలెనని ప్రతిపాదించి నెగ్గించుకొనినవాడు ఆ విట్‌వర్తే. ఇచ్చట దామంజోడిలో, పంచపట్మాలి కొండమీది బాక్సైటు 14 కిలోమీటర్లకు మించిన బెల్టుపై దిగివచ్చి అల్యూమినా అగుచున్న ఈ పట్టణమున, ఫిట్టరు పని నేర్చిన మన పిల్లలకు బి.ఎస్.డబ్ల్యు. అను మూడక్షరములు క్రొత్త కాదు. పాత బోల్టును చేతబట్టి, చుట్లకు గేజి ఆనించి చూచి, ఇది మిల్లీమీటరు మర కాదు, బి.ఎస్.డబ్ల్యు. అని చెప్పుదురు. ఆ కడపటి అక్షరము విట్‌వర్తు పేరే. బాబేజి యంత్రము పూర్తి కాకున్నను, దాని కార్ఖానాలో పదునెక్కిన చేతిపనితనము పారిశ్రామిక ప్రపంచమంతటను వ్యాపించినది.

1827 బాబేజికి కాళరాత్రివంటి సంవత్సరము. ఆ యేడాదిలోనే తండ్రి పోయెను; భార్య పోయెను; ఇద్దరు బిడ్డలు పోయిరి. మతి చెదరిన స్థితిలో ఆయన ఐరోపా యాత్రకు పోగా, యంత్రపు పనిని క్లెమెంటు నడపుచుండెను. 1828లో, ఒకప్పుడు న్యూటను అధిష్ఠించిన కేంబ్రిడ్జి ఆచార్యపీఠము బాబేజికి లభించెను. 1832లో యంత్రమున సుమారు ఏడవ భాగము, రెండువేల ముక్కలతో, కూర్చబడి ఆయన ఇంట నిలిచెను. శనివారపు సాయంకాలములందు ఆయన ఇంటికి వచ్చు ప్రభువులు, కవులు, శాస్త్రజ్ఞులు ఆ ఇత్తడి స్తంభముల చుట్టు మూగుచుండిరి. బాబేజి పిడి త్రిప్పును. చక్రములు చిరుసవ్వడితో కదలును. 41, 43, 47 అని అంకెలు వరుసగా నిలుచును. నేటికిని ఆ భాగము లండను విజ్ఞానశాస్త్ర ప్రదర్శనశాలలో నున్నది. నేటికిని తప్పులేకుండ లెక్క కట్టును.

అంతటితో పని ఆగిపోయెను. బాబేజి ఇంటి ప్రక్కన క్రొత్తగా కట్టిన శాలకు కార్ఖానాను తరలింపవలెనని ప్రస్తావన వచ్చెను. క్లెమెంటుకు అది తన స్వతంత్రవృత్తిని వదలుకొనుటయే. అందుకు తగిన ప్రతిఫలము కోరెను, బాబేజి నిరాకరించెను. ప్రభుత్వము సొమ్ము ఆలస్యముగా నిచ్చుచుండగా, పనివారికి జీతములు తన చేతినుండి ఇచ్చుటకు క్లెమెంటు ఒప్పుకొనలేదు. 1833లో పనివారిని తొలగించి, పనిముట్లను తనయొద్దనే యుంచుకొనెను. నాటి ఆచారము ప్రకారము చేసినవానికే పనిముట్లపై హక్కు. బాబేజి అభిమానులు క్లెమెంటును ధనాశాపరుడని నిందించిరి. నేను అంగీకరింపజాలను. పదేండ్లు ఒక యంత్రమునకు తన కార్ఖానాను అంకితము చేసినవాడు, తన బ్రదుకుతెరువును మరియొకరి పెరటికి తరలింపుమన్న సంశయించుట సహజము. బాబేజి మహామేధావి, నిర్మలుడు, స్వార్థరహితుడు. కాని పనివాని పనిని మెచ్చినంతగా పనివాని కష్టసుఖములను తెలిసికొనలేదు. ఆ యంత్రముపై ప్రభుత్వము పెట్టిన వ్యయము తుదకు 17 వేల పౌనులు దాటెను. నాడు ఒక ఆవిరి రైలింజను ఎనిమిది వందల పౌనుల లోపున దొరకుచుండెను.

యంత్రమాగిన ఏడాదికే బాబేజికి మరియొక ఊహ పొడమినది. ఆయన కీర్తికి మూలము అదియే, ఆయన దుఃఖమునకు మూలమును అదియే. ఒకే రకపు పట్టికలను కట్టు యంత్రమేల? ఏ లెక్కనైనను, చెప్పిన క్రమములో చెప్పినట్లు చేయు యంత్రమే ఉండిన? దానికి ఆయన విశ్లేషణ యంత్రమని పేరుపెట్టెను. అందు సంఖ్యలను దాచు భాగమునకు కొట్టు అనియు, సంఖ్యలపై పనిచేయు భాగమునకు మర అనియు అర్థమిచ్చు పేర్లు పెట్టెను. ఆజ్ఞలను అందించుటకు నేతగాండ్ర జకార్డు మగ్గమునుండి చిల్లుల అట్టలను ఎరువు తెచ్చుకొనెను. ధర్మవరమున మగ్గము పైని దండగా వ్రేలాడు అట్టలను చూచినవారికి ఇది సులభముగా తెలియును: చిల్లున్న చోట ఒక దారము లేచును, లేనిచోట నిలుచును, అట్టల వరుస మార్చిన అంచు బుటా మారును, మగ్గము మారనక్కరలేదు. మన కోరాపుట్ జిల్లాలోని కోట్‌పాడులో అట్టలు లేకుండ, పోగులను మనసులోనే లెక్కించుచు బుటా ఎత్తు నేతగాండ్రు నేటికిని కలరు. వారి జ్ఞాపకములో నున్న దానిని జకార్డు అట్టలోనికి ఎక్కించినాడు, జకార్డు అట్టను బాబేజి లెక్కలోనికి ఎక్కించినాడు. వచ్చిన ఫలితమును బట్టి తరువాతి మార్గమును యంత్రమే ఎంచుకొనుట, ఒకే క్రమమును కావలసినన్ని మారులు మరల చేయుట, ఇవన్నియు అందు ఉన్నవి. నేటి కంప్యూటరు స్వరూపము నూరేండ్లు ముందుగా, ఇత్తడి చక్రములలో, కాగితముపై సిద్ధమైనది.

1840లో బాబేజి ఇటలీలోని ట్యూరిను నగరమున దీనిని వివరింపగా, మెనబ్రేయా అను యువ ఇంజనీరు విని, 1842లో ఫ్రెంచిభాషలో వ్యాసము వ్రాసెను. దానిని ఆంగ్లీకరించినది బైరను కవి కుమార్తె ఏడా లవ్‌లేసు. 1843లో ఆమె అనువాదమునకు చేర్చిన వివరణలు మూలమునకు సుమారు మూడురెట్లు. వానిలో కడపటిది బెర్నూలీ సంఖ్యలను యంత్రముచేత ఎట్లు కట్టింపవచ్చునో అంచెలంచెలుగా చూపిన పట్టిక. అంకెలను మాత్రమే గాక, నియమబద్ధమైన సంబంధములు గల దేనినైనను, సంగీతస్వరములనైనను, ఇట్టి యంత్రము నడపగలదని గ్రహించినది ఆమె. 36 ఏండ్లకే, 1852లో, ఆమె కన్నుమూసెను.

ఇంతలో 1842లో ప్రభుత్వము డిఫరెన్సు ఇంజనును శాశ్వతముగ వదలివేసెను. అభిప్రాయమడుగగా, అది నిరుపయోగమని చెప్పినవారు గ్రీనిచి వేధశాలాధిపతి జార్జి ఎయిరీ. ఆ ఎయిరీయే మన మదరాసు వేధశాలలో టి. జి. టెయిలరు సంతరించిన 11,015 నక్షత్రముల పట్టికను గొప్పగా శ్లాఘించెను. ఆ పట్టికలోని ప్రతి అంకెను చేతితో కట్టినవారు టెయిలరును, ఆయన భారతీయ సహాయకులును. ఆ టెయిలరు వద్ద శిక్షణ పొందిన తెలుగు జమీందారు గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్టణమున సొంత వేధశాలను నెలకొల్పి, 1856లో తన మరణము వరకు పోషించెను. చౌకగా, ఓపికగా లెక్క కట్టు మనుష్యులు దొరకుచుండగా యంత్రమెందుకని ఎయిరీకి తోచియుండును. జగ్గారావువంటి విద్యావంతుడు రాత్రి నక్షత్రమును చూచి, పగలెల్ల అంకెలతో పెనుగులాడుట ఎంతటి బుద్ధివ్యయమో యోచించిన, బాబేజి పక్షమే న్యాయమైనదని చెప్పక తప్పదు.

బాబేజి ఓడిపోయి ఊరకుండలేదు. విశ్లేషణ యంత్రమునకై నేర్చిన మెలకువలతో 1847, 1849 సంవత్సరముల నడుమ రెండవ డిఫరెన్సు ఇంజనును గీసెను. మొదటిదానికంటె ఎన్నోరెట్లు సరళము. 31 స్థానముల సంఖ్యలు, ఏడంచెల భేదములు. అంతయు ఇరువది పెద్ద చిత్రములలో ఇమిడినది. ప్రభుత్వము దానిని కోరలేదు. ఈలోపుగా స్వీడనులో షూట్జులను తండ్రీకొడుకులు బాబేజి కథను పత్రికలో చదివి, తమ శక్తికొలది ఒక యంత్రమును చేసి 1853లో పూర్తిచేసిరి. మరియొకడైన అసూయపడును; బాబేజి వారిని లండనులో ఆదరించి, వారి గౌరవమునకై పాటుపడెను. 1871 అక్టోబరు 18న ఆయన మరణించునాటికి ఆయన యంత్రములలో నొక్కటియు పూర్తిగా నిలువలేదు.

ఆయన చిన్నకొడుకు హెన్రీ ప్రివోస్టు బాబేజి యౌవనమంతయు మన దేశమున, బెంగాలు సైన్యమున గడపినవాడు. 1874లో ఉద్యోగము చాలించి ఇంగ్లండునకు మరలి, తండ్రి వదలిన ముక్కలను కూర్చెను. 1889లో తండ్రి యంత్రములపై గ్రంథమును ప్రకటించెను. 1910 నాటికి విశ్లేషణ యంత్రపు మరను కొంత కట్టించి నడపించెను. తుదకు బాబేజి ద్విశతజయంతి సంవత్సరమగు 1991లో లండను ప్రదర్శనశాలవారు రెండవ డిఫరెన్సు ఇంజను లెక్కభాగమును, బాబేజి కాలమునకు సాధ్యమైన కొలతల సూక్ష్మతనే పాటించుచు, నాలుగువేల ముక్కలతో నిర్మించిరి. అది లెక్క తప్పలేదు. 2002లో అచ్చువేయు భాగమును పూర్తియైనది. నూటయేబది సంవత్సరముల క్రిందటి ఆ గీతలు సరియైనవని తేలినది. లోపించినది లోహము కాదు, శాస్త్రము కాదు, యజమానికిని పనివానికిని ప్రభుత్వమునకును నడుమ నుండవలసిన విశ్వాసము.

వచ్చే భాగమున పిడిత్రిప్పు లెక్కయంత్రములు బ్యాంకులకు, కార్యాలయములకు ఎట్లు వచ్చినవో చెప్పుదును. అందు ప్రధానముగా కల్యంపూడి రాధాకృష్ణారావుగారి ప్రస్తావన వచ్చును. మన జయపురపు మహారాజు విక్రమదేవ వర్మ ఏటేట లక్ష రూపాయల విరాళముతో పోషించిన ఆంధ్ర విశ్వవిద్యాలయమున 1940లో గణితమున ఎం.ఏ. పట్టము పొంది, కలకత్తా సంఖ్యాశాస్త్ర సంస్థలో చేతితో త్రిప్పు యంత్రముల నడుమ పరిశోధన ఆరంభించిన మహనీయుడాయన. పాఠకులకు ఒక విన్నపము: కోరాపుట్, రాయగడ, జయపురములలోని పాత బ్యాంకుల, సర్వే కార్యాలయముల, మిల్లుల గిడ్డంగులలో అట్టి యంత్రము మీ కంటబడినచో తుక్కు క్రింద అమ్మనీయక, దానిపై చెక్కిన పేరును, సంఖ్యను వ్రాసికొని, ఛాయాచిత్రముతో ఈ పత్రికకు పంపుడు.